ఇంట్లో బేకింగ్ మిక్స్: డబ్బాలో ఎంత తక్కువ వేస్తే అంత మంచిది

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కిలో మైదాలో నాలుగు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, రెండు టీస్పూన్ల వంట సోడా, కాస్త పంచదార, ఉప్పు, పాల పొడి వేసి, వంద గ్రాముల వెన్న కూడా చేత్తో నలిపి కలిపి, పెద్ద డబ్బాలో పోసి స్టవ్ పక్క అరలో పెట్టుకున్నారు. మొదటి వారం పాన్‌కేకులు బాగా పొంగాయి. ఐదో వారానికి అదే మిక్స్‌తో వేస్తే అట్టముక్కల్లా వచ్చాయి. మధ్యమధ్య చేదు, సబ్బు నాకినట్టు ఒక రుచి. మూత తీస్తే ఏదో పాత వాసన. పాళ్లు ఎక్కడ తప్పాయి, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఇదే మిక్స్‌తో మఫిన్లూ కేకులూ చేసుకోవచ్చా అని మూడు ప్రశ్నలు వేశారు.

పాళ్లలో తప్పులున్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. మీ డబ్బాని పాడుచేసిన అసలు దొంగ వెన్న.

వెన్నంటే ఒట్టి కొవ్వు అనుకుంటాం. అందులో కొవ్వు 80 శాతం పైచిలుకు, నీళ్లు 16 శాతం దాకా ఉంటాయి. అంటే మీరు నలిపిన వంద గ్రాముల వెన్నతో పాటు దాదాపు 16 గ్రాముల నీళ్లు, మూడు టీస్పూన్లకి పైనే, పిండిలోకి వెళ్లాయి. మూడు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. కంటికి కనపడదు, చేతికి తడి తగలదు. బేకింగ్ పౌడర్‌కి మాత్రం తెలుస్తుంది.

బేకింగ్ పౌడర్‌లో ఉండేవి మూడే రకాలు: వంట సోడా, దానికి జతగా పొడి రూపంలో ఒకటో రెండో ఆమ్లాలు, ఆ రెండిటినీ ఎడంగా ఉంచడానికి కార్న్ ఫ్లోర్ లాంటి పిండి పదార్థం. తడి తగిలితే సోడా, ఆమ్లం కలుసుకుని కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మనకి కావలసిన పొంగు ఆ గ్యాసే. మీ డబ్బాలో ఆ పని ఐదు వారాలపాటు చప్పుడు లేకుండా జరిగిపోయింది, మూత తీసినప్పుడల్లా గ్యాస్ గాల్లో కలిసిపోయింది. చివరికి పాన్ మీదికి చేరింది పొంగే శక్తి పోయిన పిండి.

పాత వాసన కూడా వెన్నదే. ముద్దగా ఉన్న వెన్నకి పైపైనే గాలి తగులుతుంది. పిండిలో నలిపితే ప్రతి రేణువు మీదా పల్చటి పొరలా పరుచుకుంటుంది, అన్ని వైపులా గాలి తగులుతుంది. పైగా స్టవ్ వేడి. కొవ్వు చెడిపోవడానికి ఇంతకంటే అనుకూలమైన చోటు ఉండదు.

ఇక సోడా సంగతి. పొంగు సరిపోదేమో అన్న భయంతో చాలామంది సోడా కూడా ఒక చెంచా పడేస్తారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. వంట సోడాకి పుల్లటిది ఏదో ఒకటి జత కావాలి: మజ్జిగ, పెరుగు, నిమ్మరసం, అలాంటిది. మీరు పాలతో కలిపారు కాబట్టి ఆ సోడాలో ఎక్కువ భాగానికి జత దొరకలేదు. జత దొరకని సోడా వేడికి విడిపోయి కొంత గ్యాస్ ఇస్తుంది, వెనకాల సోడియం కార్బొనేట్ మిగులుస్తుంది. మీకు తగిలిన సబ్బు రుచి దానిదే. గోధుమరంగు మచ్చలు, పసుపు ఛాయ కూడా వచ్చి ఉండాలి, గమనించారో లేదో. మొదటి వారం ఈ రుచి తెలియకపోవడానికి కారణం పైన పోసుకున్న తేనో సిరప్పో అయ్యుంటుంది, అది నా ఊహ. మొత్తమంతా కాకుండా కొన్ని చోట్లే చేదు తగిలిందంటే సోడా ఉండలు చితకలేదని కూడా అర్థం.

సోడా ఇంత వేసి, అసలు వేయాల్సిన బేకింగ్ పౌడర్ సగం కూడా వేయలేదు. కిలో మైదాకి నాలుగు టీస్పూన్లు ఏ మూలకి?

ఇప్పుడున్న మిక్స్‌ని ఏం చేయాలని మీరు అడగలేదు గానీ చెప్తాను. వాసన వచ్చిందంటున్నారు కాబట్టి పారేయండి. పాత కొవ్వు వాసన ఓవెన్‌లో పోదు, వేడికి ఇంకా తెలుస్తుంది. వెన్న వేయని మిక్స్ పొంగు తగ్గితే మాత్రం పారేయక్కర్లేదు. ప్రతి 125 గ్రాములకి ఒక టీస్పూన్ కొత్త బేకింగ్ పౌడర్ అప్పటికప్పుడు కలిపి వాడేసుకోవచ్చు.

కొవ్వు ముందే కలిపిన మిక్స్ అసలు చేయకూడదని కాదు. అమెరికాలో 1931లో బజారుకొచ్చిన బిస్క్విక్ అనే రెడీ మిక్స్ అలాంటిదే. అంతకు ముందటి ఏడాది ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన రైల్లో వెళ్తూ, బాగా పొద్దుపోయాక తినడానికి ఏదైనా కావాలని అడిగితే, నిమిషాల్లో వేడివేడి బిస్కెట్లు వచ్చాయట (మనం టీలో ముంచుకునే కరకర బిస్కెట్లు కాదు, మెత్తటి చిన్న రొట్టెలు). ఇంత తొందరగా ఎలా చేశావని వంటవాణ్ణి అడిగితే పిండి, కొవ్వు, బేకింగ్ పౌడర్, ఉప్పు ముందే కలిపి ఐసు పెట్టెలో పెట్టుకున్నానన్నాడు. ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆయన తెలివిని మెచ్చుకుంటారు గానీ, ఐసు పెట్టె దగ్గర ఎవరూ ఆగరు. ఆ మిక్స్‌ని కాపాడింది ఆ పెట్టే. మీరు వెన్నతోనే చేయాలనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి నెల లోపల, ఫ్రీజర్‌లో అయితే మూడు నెలల లోపల వాడేయండి. బయట అరలో మాత్రం వద్దు. నీళ్లు లేని గట్టి కొవ్వు, అంటే షార్ట్‌నింగ్ లాంటిది, వెన్న కంటే నయమే కానీ దానికీ గాలి, వేడి పడవు.

నేను చాలా ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి వేరు. ఏది చేసినా అందులో తప్పకుండా ఉండేవి, బయట ఉన్నా చెడిపోనివి మాత్రమే డబ్బాలోకి వెళ్తాయి. మిగతావన్నీ ఆ పూటకే. కొవ్వు, పాలు, గుడ్డు, ఎసెన్స్, కోకో, ఎండు పళ్లు, ఏవీ డబ్బాలో ఉండవు. వెన్న కరిగించడానికో, నూనె కొలవడానికో ఒక్క నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం కోసం డబ్బా మొత్తాన్ని పణంగా పెట్టడం నాకు లాభసాటి బేరంగా కనపడలేదు.

నా డబ్బాలో ఉండేది ఇది: మైదా 1 కిలో, బేకింగ్ పౌడర్ 40 గ్రాములు, మెత్తటి ఉప్పు 12 గ్రాములు, పంచదార 50 గ్రాములు. అంతే. మొత్తం 1,100 గ్రాములు దాటుతుంది.

పంచదార తక్కువ అనిపిస్తుంది. అది తీపి కోసం వేసింది కాదు, పైభాగం కాస్త ఎర్రగా కాలడానికి. తీపివి చేసేటప్పుడు ఎలాగూ విడిగా వేస్తాం, ఉప్పటి రొట్టెలు చేసినప్పుడు ఈ కొంచెం అడ్డం రాదు. పెద్ద పలుకుల పంచదార వేయకండి, పిండిలో కలిసినట్టే ఉండి డబ్బా కదిపినప్పుడల్లా విడిపోతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వేయండి. మరీ పౌడర్ చేస్తే ఉండకడుతుంది.

పాల పొడి గురించి. ఇంట్లో పాలుంటే దాని అవసరం లేదు. నీళ్లు కలిపితే చాలన్నట్టు మిక్స్ ఉండాలి, ప్రయాణానికో హాస్టల్లో ఉన్న పిల్లలకో పంపాలి అంటే వేయండి. అప్పుడు వెన్న తీసిన పాల పొడి వంద గ్రాములు. వెన్న తీయని పాల పొడి రుచిగా ఉంటుంది కానీ అందులోనూ కొవ్వుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు కలపడం. మిక్స్ బాగా రాలేదన్న వాళ్లలో సగం మంది తప్పు చేసేది ఇక్కడే, ఎందుకంటే ఇది చూడ్డానికి పనిలా కనపడదు. తెల్లటి పిండిలో తెల్లటి పొడి వేస్తాం, నాలుగు తిప్పులు తిప్పుతాం, కలిసిపోయిందనుకుంటాం. కలిసిందో లేదో కంటికి తెలిసే దారి లేదు. ఒకసారి నాకే అనుమానం వచ్చి బేకింగ్ పౌడర్ బదులు అంతే తూకం కోకో పౌడర్ కిలో మైదాలో వేసి గరిటెతో కలిపి చూశాను. ఇరవై తిప్పులకి కూడా గిన్నె అడుగున తెల్లటి మైదా అలాగే ఉంది, పైన పాలరాయి మీద చారల్లా గోధుమరంగు గీతలు. రెండు నిమిషాలు ఆగకుండా కలిపాక చారలు పోయాయి, కానీ చిన్న చిన్న నల్ల చుక్కలు మిగిలాయి. చితకని కోకో ఉండలు అవి. బేకింగ్ పౌడర్ ఉండలు కూడా అలాగే మిగులుతాయి, తెల్లగా ఉంటాయి కాబట్టి కనపడవు. ఒకరి పాన్‌కేక్ పొంగి పక్కవాళ్లది పొంగకపోవడం, ఒక ముక్కలో చేదు తగలడం అక్కడి నుంచే వస్తాయి. నమ్మకం లేకపోతే మీరూ ఒకసారి కోకోతో చేసి చూడండి. ఆ పిండి వృథా పోదు, చాక్లెట్ పాన్‌కేకులకి పనికొస్తుంది.

అప్పటి నుంచి మందుల పొడులు కలిపేవాళ్ల పద్ధతి పట్టుకున్నాను. కొంచెం పొడిని ఎక్కువ పొడిలో కలపాలంటే వాళ్లు ఒకేసారి గుమ్మరించరు, రెట్టింపు చేసుకుంటూ పోతారు. ముందు బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి టీ వడకట్టే సన్న జల్లెడలోంచి చిన్న గిన్నెలోకి జల్లించండి. జల్లెడలో మిగిలిన ఉండల్ని వేలితో నలిపి దించండి. అది సుమారు యాభై గ్రాములు ఉంటుంది కదా, దానికి యాభై గ్రాముల మైదా చేర్చి విస్క్‌తో కలపండి. ఇప్పుడు వంద అయింది, ఇంకో వంద మైదా. రెండొందలు అయింది, ఇంకో రెండొందలు. ఇలా నాలుగైదు విడతల్లో కిలో అయిపోతుంది. చివర్లో పంచదార వేసి ఇంకో నిమిషం. మొత్తం పది నిమిషాల పని. ఒట్టి జల్లెడ మీద ఆధారపడకండి, జల్లించడం పిండిని గుల్లబరుస్తుంది, ఉండలు చితకబెడుతుంది, కలపడంలో మాత్రం విస్క్ దానికంటే నయం.

బేకింగ్ పౌడర్ కొనేటప్పుడు వెనకాల రాసినవి చదవండి. రెండు రకాల ఆమ్లాలు ఉన్నది, అంటే తడి తగిలినప్పుడు ఒకసారి, ఓవెన్ వేడికి ఇంకోసారి పొంగేది ఇలాంటి మిక్స్‌కి బాగుంటుంది. కాల్షియం ఫాస్ఫేట్‌తో పాటు సోడియం ఆసిడ్ పైరోఫాస్ఫేట్ లాంటి పేరు కనపడితే అది ఆ రకం. ఇంట్లో చేసుకునే బేకింగ్ పౌడర్ ఒకటుంది, ఒక వంతు సోడా, రెండు వంతులు క్రీమ్ ఆఫ్ టార్టార్ (పుల్లటి పొడి), ఒక వంతు కార్న్ ఫ్లోర్. పని చేస్తుంది. కానీ తడి తగిలిన వెంటనే పొంగంతా ఇచ్చేస్తుంది, పిండి కలిపి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి అయిపోతుంది. ఆ పూటకి వాడుకోండి, డబ్బాలో వేయడానికి అది పనికిరాదు.

కొత్త ప్యాకెట్ అయినా సరే, కలిపే ముందు పావు కప్పు వేడి నీళ్లలో అర టీస్పూన్ వేసి చూడండి. బుస్సున నురగ లేవాలి. బద్ధకంగా నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే దాన్ని పక్కన పెట్టండి. చన్నీళ్లతో చేసి పాడైపోయిందని పారేసేవాళ్లున్నారు, నీళ్లు వేడిగా ఉండాలి. అదే పరీక్ష మీ మిక్స్‌కి కూడా చేయొచ్చు: ఒక చెంచా మిక్స్‌లో రెండు చెంచాల వేడి నీళ్లు పోసి కలిపి చూడండి. పిండి చిక్కదనం వల్ల అంత నురగ రాదు, కానీ ఒక నిమిషంలో పైన చిన్న చిన్న బెజ్జాలు పడాలి.

మైదాకి పురుగు పడుతుందన్న భయం ఉంటే పిండిని మూసిన సంచిలో నాలుగు రోజులు ఫ్రీజర్‌లో పెట్టడం మంచి పద్ధతే. గుడ్లూ పురుగులూ చస్తాయి. ఇది మిక్స్ చేయక ముందు చేయాలి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రాత్రంతా వదిలేయండి. చల్లటి పిండి సంచి వెంటనే విప్పితే గాల్లోని తేమ వచ్చి దాని మీద చేరుతుంది. ఆ తడిలో బేకింగ్ పౌడర్ కలిపితే ఇంత కష్టమూ వృథా. ఫ్రిజ్‌లో పెట్టిన మిక్స్ డబ్బాకి కూడా ఇదే లెక్క: కావలసినంత తీసి వెంటనే లోపల పెట్టేయాలి. బల్ల మీద మూత తీసి ఉంచి మధ్యలో గుడ్లు కొట్టుకుంటూ కూర్చోకూడదు.

నిలవ ఎన్నాళ్లంటే, కొవ్వు లేని మిక్స్ గాలి చొరని డబ్బాలో, స్టవ్‌కీ సింక్‌కీ దూరంగా ఉంటే మూడు నెలలు ఉంటుంది. నేను రెండు నెలలకి మించి ఉంచను. అంతకంటే ఎక్కువ రోజులు ఉందంటే ఎక్కువ చేశామని అర్థం, తర్వాతిసారి సగం చేయాలి. ఒక్క పెద్ద డబ్బా కంటే రెండు మూడు చిన్న సీసాలు మేలు, మాటిమాటికీ మూత తీసేది ఒక్కటే అవుతుంది. చెంచా పొడిగా ఉండాలి. మరుగుతున్న గిన్నె పక్కన మూత తీయొద్దు. చాలామంది మిక్స్‌ని తడిపేది నీళ్లతో కాదు, ఆవిరితో.

డబ్బాలోంచి తీసేటప్పుడు ముందు ఒకసారి అడుగునుంచి కలపండి, తర్వాత తూచండి. కప్పులతో కొలవడం మీద నాకు నమ్మకం పోయింది. ఒకే కప్పు, ఒకే డబ్బా, నేనే తీశాను: చెంచాతో వదులుగా పోసి తలకొడితే 121 గ్రాములు, కప్పునే ముంచి తీస్తే 143, ముంచి డబ్బా గోడకి అదిమితే 158. ఆ తేడాతో పాన్‌కేక్ ఒక రోజు జారుగా, ఒక రోజు ముద్దగా వస్తుంది, మనం మిక్స్‌ని తిడతాం.

ఇక దీంతో ఏమేం వస్తాయి.

పాన్‌కేకులకి 150 గ్రాముల మిక్స్, ఒక గుడ్డు, 150 నుంచి 180 మిల్లీలీటర్ల పాలు, ఒక టేబుల్‌స్పూన్ నూనె గాని కరిగించిన వెన్న గాని. తడివన్నీ ముందు ఒకచోట కలిపి, తర్వాత మిక్స్‌లో పోసి, పొడి పిండి కనపడనంత వరకే కలపండి. బఠాణీ గింజంత ఉండలు మిగిలినా పర్లేదు. నున్నగా వచ్చేదాకా చిలికితే సాగుడు పెరిగి రబ్బరులా వస్తాయి. ఐదు నిమిషాలు ఆగి, మధ్యస్థమైన మంట మీద వేయండి. అంచుల దగ్గర బుడగలు పగిలి, ఆ బెజ్జం మళ్లీ పూడుకోకుండా అలాగే ఉంటే తిప్పే సమయం వచ్చినట్టు. తిప్పాక అట్లకాడతో నొక్కకండి, ఇంతసేపూ నింపిన గాలిని మనమే పిండేసినట్టు అవుతుంది.

మఫిన్లు: 250 గ్రాముల మిక్స్, 90 గ్రాముల పంచదార, ఒక గుడ్డు, 180 మిల్లీలీటర్ల పాలు, 70 మిల్లీలీటర్ల నూనె. 190 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు, ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. చాక్లెట్‌వి కావాలంటే 25 గ్రాముల మిక్స్ తీసేసి అంతే కోకో వేయండి, పాలు ఒక టేబుల్‌స్పూన్ పెంచండి. కోసి చూస్తే లోపల నిలువుగా సొరంగాలు కనపడితే ఎక్కువ కలిపారని.

నాకు ఈ మిక్స్‌తో అన్నిటికంటే ఇష్టమైనవి స్కోన్‌లు, రైలు కథలోని మెత్తటి చిన్న రొట్టెల్లాంటివే. 250 గ్రాముల మిక్స్‌లో 60 గ్రాముల గట్టి చల్లటి వెన్న ముక్కలు వేసి వేళ్ల కొసలతో నలపాలి, అరచేయి తగలకూడదు, దాని వేడికి వెన్న కరుగుతుంది. రవ్వలా అయ్యాక 130 మిల్లీలీటర్ల చల్లటి పాలు పోసి చాకుతో కలిపి, ముద్ద చేసి, రెండు వేళ్ల మందాన తట్టి గుండ్రంగా కోయండి. కోసేటప్పుడు అచ్చుని తిప్పొద్దు, తిన్నగా దించి తిన్నగా పైకి తీయాలి. తిప్పితే అంచు నలిగి మూసుకుపోయి ఒక పక్కకే ఒరిగి పొంగుతుంది. 220 డిగ్రీలు, 12 నుంచి 15 నిమిషాలు. చూశారా, వెన్న ఇక్కడ కూడా ఉంది. తాజాగా, ఆ పూటకే వెళ్లింది, అంతే తేడా.

పాల బదులు మజ్జిగ వాడే రోజున ప్రతి 120 మిల్లీలీటర్లకి పావు టీస్పూన్ వంట సోడా, ఉండలు లేకుండా నలిపి, ఆ పూట పిండిలో వేయండి. సోడాకి జత దొరికింది కాబట్టి సబ్బు రుచి రాదు. చిక్కటి పెరుగయితే నీళ్లు కలిపి మజ్జిగలా చేసుకుని కొలవండి.

కేకు విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోమంటాను. వెన్న, పంచదార నురగలా గిలకొట్టి చేసే మామూలు ఇంటి కేకు వస్తుంది, కాస్త మెత్తగా కావాలంటే ప్రతి 125 గ్రాముల మిక్స్‌లో 15 గ్రాములు తీసి అంతే కార్న్ ఫ్లోర్ వేసుకోండి. గుడ్ల నురగ మీదే పొంగే స్పాంజికి ఇది వద్దు, అక్కడ బేకింగ్ పౌడర్‌కి పనే లేదు. కరకరలాడే కుకీలకీ వద్దు, ఇందులో ఉన్న పొంగు వాటికి ఎక్కువ, మెత్తటి చిన్న కేకుల్లా తయారవుతాయి. ఈస్ట్ రొట్టెల ఊసు ఎత్తనే వద్దు. అన్నిటికీ ఒకే డబ్బా అని ఎవరైనా చెప్తే కాస్త ఆలోచించండి.

మైదా బదులు గోధుమ పిండితో చేసుకోవచ్చా అని ఎలాగూ అడుగుతారు. సగం సగం వేసుకుంటే బాగుంటుంది, పూర్తిగా గోధుమ పిండే అయితే బరువుగా వస్తుంది. పాలు రెండు మూడు టేబుల్‌స్పూన్లు ఎక్కువ తాగుతుంది, కలిపాక పది నిమిషాలు నాననివ్వాలి. గోధుమ పిండిలో మొలక భాగపు నూనె ఉంటుంది, అందుకని తొందరగా ముక్కిపోతుంది. ఆ మిక్స్ ఫ్రిజ్‌లో పెట్టి నెలలో అవగొట్టండి. గోధుమ పడనివాళ్ల కోసం మైదా బదులు బియ్యప్పిండి పోసేస్తే సరిపోదు, అతుక్కునేలా చేసేది వేరే కావాలి. దాని పాళ్లే వేరు, అది ఇంకో రోజు.

పిల్లలు పక్కన నిలబడి పచ్చి పిండి వేలితో నాకుతారు, పెద్దవాళ్లం మనమూ నాకుతాం. గుడ్డు వేయకపోయినా మంచిది కాదు. మైదా పచ్చి ధాన్యం పొడి, అందులో సాల్మొనెల్లా, ఈ కోలి లాంటి క్రిములు ఉండే అవకాశం ఉంది, కాలితేనే చస్తాయి. ఎవరికైనా మిక్స్ సీసా ఇచ్చేటప్పుడు మీద గోధుమ ఉందని, పాల పొడి వేస్తే పాలు ఉన్నాయని, చేసిన తేదీని రాయండి. నేను అదే కాగితం మీద పాన్‌కేకుల పాళ్లు కూడా రాసి అంటిస్తాను, లేకపోతే ఆదివారం పొద్దున్నే ఫోన్లు.

మీ దగ్గర తూకం ఉందో లేదో రాయలేదు. లేకపోతే చెంచాల లెక్క ఇది: మైదా చెంచాతో వదులుగా పోసి తలకొట్టిన ఎనిమిది కప్పులు, బేకింగ్ పౌడర్ పది టీస్పూన్లు, మెత్తటి ఉప్పు రెండు టీస్పూన్లు, పంచదార నాలుగు టేబుల్‌స్పూన్లు, అన్నీ తలకొట్టినవే. అన్నం తినే చెంచాతో కాదు, కొలత చెంచాతో. మొదటిసారి ఇందులో సగమే చేయండి. మూడు వారాలు వాడి చూసి, పొంగు ఎలా ఉందో రాయండి.